అవ్వ కంచె, రత్నంగారి కంచె

మొన్న పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే కిషోర్ వచ్చాడు. బోధన్ పక్కన క్యాంపులో ఉండే రత్నంగారి మనవడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను మా దిక్కు ఇప్పటికీ క్యాంపులనే అంటాం. రత్నంగారు పోయి చాలా ఏళ్లయింది గానీ, ఆయన ముక్కు మాత్రం ఆ ఇంట్లో ఒకరి ముఖం మీది నుంచి ఇంకొకరి ముఖం మీదికి మారుతూ క్షేమంగా ఉంది. ఆ ముక్కును గుర్తుపట్టే తలుపు తీశాను. సగం గీసిన గడ్డంతోనే కూర్చోబెట్టి చాయ్ తాగించాను. వాడు గ్లాసు కింద పెట్టి, "తాతా, మా తాత మీ అవ్వకు ఏమని మాటిచ్చిండు? కరెక్టుగ చెప్పు" అన్నాడు.

"కరెక్టుగ" అన్నచోట కొంచెం బరువు పెట్టాడు. అందుకు కారణం ఉంది. నిజామాబాద్‌లో నన్ను ఎరిగినవాళ్లంతా పసుపు మార్కెట్లో తరుగు తీసినట్టు నా మాటల్లోంచి కొంత తీసేసి మిగిలింది ఇంటికి పట్టుకుపోతారు. పోయిన చలికాలం మెడలో కెమెరాలు వేసుకుని కొందరు పిల్లలు పిట్టలను చూడటానికి ఆ కంచెకు వచ్చారు. చుట్టూ చెరుకూ మక్కా ఉండగా మధ్యలో ఇంత అడవి ఎట్లా మిగిలింది సార్, ఎవరు కాపాడారు అని అడిగారు. నేనే అన్నాను. ట్రాక్టర్‌కు అడ్డంగా పడుకున్నానన్నాను. వాళ్లు రాసుకుంటున్నారు కదా అని ఆ రోజుల్లో అందులో పులి కూడా ఉండేదన్నాను. ఆ సంగతి క్యాంపులో అందరికీ తెలిసింది.

కిషోర్ అవసరం వేరు. హైదరాబాద్ పార్టీ ఒకటి ఆ భూమికి బేరం పెట్టింది. ప్లాట్లు చేస్తారట. కంచె ముట్టనని తాత మాటిచ్చాడని వాళ్ల నాయన అంటాడు. ఆ మాట ముళ్లకంప గురించి మాత్రమేనని బాబాయి అంటాడు. ఇద్దరూ అప్పుడు పుట్టలేదు. మాట ఇచ్చినాయన లేడు, పుచ్చుకున్న మా అవ్వ లేదు, పక్కనున్న మా బాపు, అదే మా నాయన, లేడు. మిగిలింది నేను. ఇన్నేళ్లలో ఒక మనిషి నా దగ్గరికి నిజం కోసం రావడం ఇదే మొదలు. అలవాటు లేని పని కాబట్టి, సాయంత్రం రమ్మని పంపించి, మిగతా సగం గడ్డం గీసుకుంటూ జ్ఞాపకం చేసుకోవడం మొదలుపెట్టాను.

మా ఊరు బోధన్‌కు ఎడ్లబండి దూరంలో ఉండేది. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా మడుల దాకా వచ్చేవి, చెలకల దాకా వచ్చేవి కావు. చక్కెర ఫ్యాక్టరీ కూత మాత్రం రెండింటికీ వచ్చేది. ఆ కూతకే మా ఇంట్లో పొయ్యి అంటుకునేది, ఆ కూతకే బాపు అంగీ వేసుకునేవాడు. చెరుకు కొట్టే కాలంలో గాలి ఫ్యాక్టరీ దిక్కు నుంచి వస్తే ఊరంతా మడ్డి వాసన. మొదటి రెండు రోజులు పాకం వాసనలా ఉంటుంది. తరువాత ఎవరో పాకం అడుగంటించి మరిచిపోయినట్టు ఉంటుంది. మేం దాంట్లోనే పుట్టాం కాబట్టి గాలి మళ్లిన రోజునే మాకు ఏదో తక్కువైనట్టు ఉండేది. ఆ వాసన రాని చోటు మా భూమిలో ఒకటే, కంచె. అక్కడ మోదుగాకు వాసన, ఎండిన బోదగడ్డి వాసన, నక్కలు తిరిగిన చోట నక్కల వాసన. అన్నీ కలిసి మడ్డిని దగ్గరికి రానిచ్చేవి కావు.

కంచె అంటే మా దిక్కు ఏమిటో ముందు చెప్పాలి. ఈ కథంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. దున్నకుండా, నాటకుండా, గడ్డికీ చెట్లకూ వదిలేసిన సొంత భూమిని మేం కంచె అంటాం. మా కంచెలో మోదుగ, రేగు, చండ్ర, తంగేడు, సీతాఫలం కలిసి పెరిగేవి. నెమళ్లుండేవి, కుందేళ్లుండేవి, ముళ్లపంది ఉండేది. మంజీర ఒడ్డు నుంచి కృష్ణజింకల మంద వచ్చి పోతుండేది. మంద అంటే కనీసం వంద. వంద కాకపోవచ్చు, గడ్డి ఎత్తుగా ఉండేది, అన్నీ కనిపించేవి కావు. కనిపించినవి చెప్పమంటే ఒక పది ఉంటాయి. అందులో కొన్నింటిని నేను రెండుసార్లు లెక్కపెట్టి ఉంటాను, ఎందుకంటే అవి నిలబడేవి కావు. ఇక పులి సంగతి. మునిమాపు వేళ ఒకసారి చండ్ర చెట్టు కింద పసుపురంగుగా ఏదో కదిలింది. నేను ఊళ్లోకి ఉరికి పులి అన్నాను. పదిమంది కట్టెలు పట్టుకుని వచ్చేసరికి అది గుంటనక్క అయింది.

ఆ కంచె అవ్వది. అవ్వ మా బాపుకు తల్లి. పొయ్యి మీద జొన్న గటక ఎక్కించి, కోడలికి కలపమని చెప్పి, నడుముకు గుడ్డ చుట్టుకుని పొద్దున్నే కంచెకు పోయేది. మోదుగాకు కోసి, చెట్టు కిందే కూర్చుని, సన్నపుల్లలతో ఇస్తార్లు కుట్టేది. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా, దినమైనా ఇస్తార్లు మా ఇంటి నుంచే. ఇప్పుడు అందరూ అడుగుతారు, చదువులేని మనిషికి అడవిని కాపాడాలని ఎట్లా తోచిందని. ఆమెను అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. బాపుతో ఆకు కోసం అనేది. నాతో జింకలు ఈనే జాగ అనేది. మా అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే ఒకసారి అన్నదట: "ఆడ నన్నెవరు అవ్వా అని పిల్వరు పిల్లా. పొద్దుందాక ఇంట్ల పిల్వంగ పిల్వంగ నా పేరే మర్శిపోయిన." అన్ని కారణాల్లోకీ ఇదే నిజమని నా అనుమానం. మిగతావి కూడా అబద్ధాలు కావు.

ఆ ఏడాది నేను నిజామాబాద్‌లో చదువు పూర్తి చేసుకుని ఇంటికొచ్చాను. పూర్తి చేసుకుని అంటే, పరీక్ష పోయింది. ఇంకోసారి రాయనని నేనూ, రాయించనని బాపూ ఒకే రోజు నిర్ణయించుకున్నాం. పట్నంలో నేను ఉన్న గదిలో కృష్ణా దిక్కు కుర్రవాడొకడు ఉండేవాడు. ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్త అది. వాడి తెలుగు నాకూ, నా తెలుగు వాడికీ నవ్వొచ్చేవి. నేను ఆలుగడ్డ అంటే వాడు బంగాళాదుంప అనేవాడు, నేను సల్ల అంటే వాడు మజ్జిగ అనేవాడు. చివరికి ఇద్దరం హోటల్ పిల్లవాడితో ఉర్దూలో మాట్లాడి అన్నం తినేవాళ్లం. అట్లా నేను వాళ్ల మాటలు బోలెడు నేర్చుకున్నాను. కంచె అన్న మాట ఒక్కటే మా మధ్య ఎప్పుడూ రాలేదు. పసుపు బస్తాల గోదాము పైన గది అది. దాంట్లో కంచెకు జాగ లేదు, ఏ అర్థంలోనైనా.

బాపుకు లారీ పిచ్చి పట్టింది. చెరుకు పండించేవాడికన్నా మోసేవాడికే సుఖమని ఆయన లెక్క. దానికోసం కాలువ వైపు మడీ, దానికి ఇవతల చెలకా అమ్ముదామన్నాడు. క్యాంపులోకి కొత్తగా వచ్చిన రత్నంగారు చూసి, ముక్కలుగా అయితే వద్దు, అంతా ఒక్క చెక్కగా కావాలన్నారు. కంచె ఆ రెండింటి నడుమన ఉంది. అవ్వ వారం రోజులు బాపుతో మాట్లాడలేదు. నాలుగు రోజులే కావచ్చు, మాకు వారంలా ఉంది. ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆ షరతు ఆమే చెప్తానంది.

చెలక గట్టు మీద కలిశాం. ఇటు అవ్వ, బాపు, నేను. అటు రత్నంగారు. తెల్లపంచె, చంకలో గొడుగు. వాన లేకపోయినా ఎండ లేకపోయినా ఆయన చంకలో గొడుగు ఉండేది. అవ్వ ఆయన ముందు నిలబడి, "సూడు నాయినా, మడి నీది, చెలక నీది, బాయి నీది. కంచె మాత్రం ముట్టద్దు. గిప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉండాలె" అంది.

రత్నంగారు గొడుగు కింద పెట్టి రెండు చేతులూ జోడించారు. "అలాగేనండి, అమ్మగారూ. మీ కంచెని నేను ముట్టుకోను, ఇంకొకళ్లని ముట్టుకోనివ్వను."

"ఎనకకు పోవు గద?"

"మాటంటే మాటేనండి."

అవ్వ ముఖం విప్పారింది. "మంచోడు. కంచె కథ ఎరిగినోడు" అంది బాపుతో. దున్నవద్దు, కొట్టవద్దు అని విడిగా ఆమె చెప్పలేదు. మా దిక్కు కంచె ముట్టవద్దన్నాక దున్నవద్దని చెప్పడం, అన్నం తినమన్నాక మింగమని చెప్పడం లాంటిది. బాపు అందరికీ బెల్లం ముక్క పెట్టాడు. రత్నంగారి దిక్కు తెలుగులో కంచె అంటే పొలానికి కట్టే ముళ్లకంప అని ఆ గట్టు మీద ఎవరికీ తెలియదు. రత్నంగారికి తెలుసు, కానీ అది మాకు తెలియదని ఆయనకు తెలియదు.

మరునాడు ఆయన భూమి అంతా తిరిగారు. కంచె కోసం వెతుకుతున్నారని నాకు ఎట్లా తెలుస్తుంది? నేను గట్టు మీద కూర్చుని చెరుకు నములుతున్నాను. దగ్గరికొచ్చి, "బాబూ, అమ్మగారు చెప్పిన కంచె ఏదండీ?" అని అడిగారు. నేను చెరుకు గడ చాపి చూపించాను.

"అగో, గదంత."

"అదంతానా?"

"గదంత."

నా గడ కొసన మోదుగలూ రేగులూ చండ్రలూ ఉన్నాయి. వాటి చుట్టూ, ఎప్పుడో మా తాత కాలంలో మేకలు రాకుండా వేసిన పాత కంప ఒకటి, కాలువ నుంచి వాగు దాకా పుచ్చిపోయి పడి ఉంది. నేను చెట్లను చూపించాను, ఆయన కంపను చూశారు. "అదంతా అంటే చాలా ముల్లు పడుతుందే" అని గొణుక్కుంటూ పోయారు. కాలిలో ముల్లు దిగిందేమో అనుకున్నాను.

ఆ తరువాత రత్నంగారు చేసిన పని ఊరంతా చూసింది. కూలీలను పెట్టి తుమ్మముల్లు తెప్పించారు. గుంజలు పాతించారు. పాత కంప ఉన్నచోటల్లా కొత్తది కట్టించారు. ఎక్కడా సందు లేకుండా, మనిషి భుజం ఎత్తున, తాడు పట్టినట్టు తిన్నగా. పరాయి ముసలమ్మ మాట కోసం ఇంత చేస్తున్నాడేమిటని క్యాంపువాళ్లు నవ్వారట. ఏదో ఈ దిక్కువాళ్ల ఆచారం అయి ఉంటుంది, మనకెందుకు అన్నారట ఈయన. ఇటు అవ్వ చూసి మురిసిపోయింది. "మనమన్న ఎన్నడన్న కట్టినమా? కంచె సుట్టు కంప కట్టిస్తున్నడు. మన కంచె మనకన్న మంచోని చేతుల వడ్డది." ఆమె ఆకు కోసుకోవడానికి ఒక మూల తడిక కూడా పెట్టించారాయన. అట్లా ఇద్దరూ ఒకరి మంచితనానికి ఒకరు పొంగిపోతూ కొంతకాలం గడిచింది. నా ఎరుకలో ఇద్దరు మనుషులు అంత సుఖంగా అపార్థం చేసుకోవడం మళ్లీ చూడలేదు.

ట్రాక్టర్ వచ్చిన రోజు చెప్పాలి. క్యాంపులో కొత్తగా దిగిన ట్రాక్టర్. ఎర్రది. దాన్ని నడిపే మైబూబ్ బోధన్ మనిషి. విత్తనపు చెరుకు కోయించి, ముక్కలు కొట్టించి, తడిపిన గడ్డి కప్పి గట్టు మీద పెట్టి ఉంచారు రత్నంగారు. దున్ని సాళ్లు తోలి నాటకపోతే రెండు మూడు రోజుల్లో ముక్కల మీద మొలకెత్తే కళ్లు మాడిపోతాయి. మూలన తడిక తీసి, గుంజలకు తగలకుండా ట్రాక్టర్‌ను చుట్టూ తిప్పి, మెల్లగా కంచెలోకి తెచ్చారు. నేను కెమెరా పిల్లలకు చెప్పింది ఈ రోజు గురించే. ట్రాక్టర్‌కు అడ్డంగా పడుకున్నానన్నాను కదా. నేను ట్రాక్టర్ ముందు లేను. ట్రాక్టర్ మీద ఉన్నాను. చక్రం పైన రేకు మీద కూర్చుని, ఒక చేత్తో మైబూబ్ భుజం పట్టుకుని, రెండో చేత్తో దారిలో కనిపించినవాళ్లందరికీ సలాం చేస్తూ వచ్చాను. ట్రాక్టర్ ఎక్కడికి పోతున్నదని అడగలేదు. ఎక్కనిచ్చారు, అది చాలు.

రెండు సాళ్లు పడ్డాయి. తంగేళ్లు వేళ్లతో సహా తిరగబడ్డాయి. గడ్డిలోంచి కౌజుపిట్టలు గుప్పున లేచాయి. మూడో సాలు మొదలుపెట్టబోతే ముందర మోదుగ చెట్టు కింద అవ్వ కూర్చుని ఉంది. ఒడిలో ఆకు, పళ్ల మధ్య పుల్ల. లేవలేదు. అరవలేదు. ఆ రోజు కుట్టాల్సిన ఇస్తార్లు ఇంకా మిగిలి ఉన్నాయి, కుడుతున్నది. మైబూబ్ బండి ఆపాడు. రత్నంగారు వెనకాల నుంచి గొడుగుతో పరుగెత్తుకొచ్చారు. అవ్వ పుల్ల నోట్లోంచి తీసి, ముందు నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను. తరువాత ఆయన్ను చూసింది.

"ఏంది నాయినా గిది?"

"దుక్కి అండి."

"కంచె ముట్టనంటివి."

"ముట్టలేదండీ! చూడండి, ఎక్కడైనా ఒక్క ముల్లు కదిలిందేమో. ట్రాక్టర్ని కూడా చుట్టూ తిప్పి తెచ్చాను."

"కంచెల నిలవడి కంచె ముట్టలేదంటవా?"

"కంచెలో ఎలా నిలబడతానండీ, ముళ్లు గుచ్చుకోవూ?"

అవ్వ బాధగా నా దిక్కు తిరిగి, "మంచిగుండె గదరా, గింతల ఏమైందిరా గీయనకు?" అంది. రత్నంగారు కూడా నా దిక్కే తిరిగి, గొంతు తగ్గించి, "అమ్మగారికి ఒంట్లో బాగుంటోందా బాబూ?" అన్నారు. మైబూబ్ ఇద్దరినీ చూసి, "సాబ్, ఇంజన్ బంద్ చేయాల్నా? డీజిల్ ఉత్తగ కాలుతున్నది" అన్నాడు. బంద్ చేశాడు. ఆ నిశ్శబ్దంలో, చక్రం రేకు మీద కూర్చున్న నాకు అర్థమైంది. పరీక్షలో ఎన్నడూ రాని జవాబు ఆ రోజు వచ్చింది. కిందికి దూకి, తెలుగు నుంచి తెలుగులోకి దుబాసీ పని మొదలుపెట్టాను.

"అవ్వా, ఆల్ల దిక్కు కంచె అంటె కంప."

"కంప కంపనే గద. మరి కంచెను ఏమంటరట?"

అడిగాను. రత్నంగారు చుట్టూ ఉన్న చెట్లనూ, గడ్డినీ, దూరాన మెడలెత్తి మమ్మల్నే చూస్తున్న జింకలనూ చూసి, చాలాసేపు ఆలోచించారు. "బీడు అంటామండీ" అన్నారు.

అవ్వకు ఆ మాట దుబాసీ లేకుండానే అర్థమైంది. "బీడా? గింత పచ్చగున్నది, గిన్ని జీవాలున్నయి, బీడా?"

రత్నంగారు గొడుగును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చారు. వాళ్ల తెలుగులో ఆ చోటుకు వేరే పేరు లేనందుకు ఆయన సిగ్గుపడ్డట్టే కనిపించారు. కానీ ఆయన బాధ ఆయనది. ఉన్న ఎకరాలు అక్కడ అమ్ముకుని వచ్చిన మనిషి. విత్తనం గట్టు మీద ఎండుతున్నది. "నేను ఇచ్చిన మాట కంచె గురించేనండి. నా కంచె గురించి ఇచ్చాను. ఆవిడ తన కంచె గురించి పుచ్చుకున్నారు. ఇందులో తప్పు ఎవరిదో మీరే చెప్పండి పటేల్ గారూ" అన్నారు. పటేల్ అంటే మా బాపు, అప్పుడే వచ్చాడు. లారీకి బయానా ఇచ్చి ఉన్నాడు కాబట్టి బాపు ఆకాశం దిక్కు చూశాడు.

అప్పుడు అన్నం క్యారియర్ పట్టుకుని రత్తమ్మగారు వచ్చింది. రత్నంగారి భార్య. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఏమైందని అడిగింది. ముగ్గురం ఒకేసారి చెప్పాం. ఆమె నేను కూర్చున్న చక్రం రేకు మీది దుమ్ము తుడిచి, క్యారియర్ అక్కడ పెట్టి, మొగుడి దిక్కు తిరిగింది.

"ఏవండీ, మాట ఎవరికి ఇచ్చారు?"

"అమ్మగారికి."

"అయితే ఆవిడ విన్నదే మాట. మాట విన్నవాళ్లది. మీ మనసులో ఉన్నది మీ దగ్గరే ఉంచుకోండి."

"అదేం న్యాయమే? నేను అన్నది..."

"పెళ్లికి ముందు మా నాన్నతో ఏమన్నారు? క్యాంపులో ఇల్లుందన్నారు. ఆయన ఇల్లనే విన్నాడు. నేనొచ్చి చూస్తే గడ్డి పాక. అడిగితే, దాన్ని కూడా ఇల్లే అంటారే మా వైపు అన్నారు. నేనూ మీ వైపుదాన్నే కదండీ! పోనీలే అని ఊరుకున్నాను. అప్పుడు మీరన్నది చెల్లింది. ఇప్పుడు విన్నది చెల్లుతుంది. ఆవిడకి కంచె, నాకు ఇల్లు. ముందు ఏది ఇస్తారో మీరే చెప్పండి."

మైబూబ్ బండి వెనక్కి పోయి నవ్వాడు. రత్నంగారు విత్తనాన్ని చూశారు, చెట్లను చూశారు, క్యారియర్‌ను చూశారు. "ముందు అన్నం తింటాను" అన్నారు. మోదుగ చెట్టు కింద, అవ్వ అప్పుడే కుట్టిన ఇస్తరిలో తిన్నారు. ఆవకాయ వేసుకుంటే కారిపోకుండా నిలిచింది, ఇస్తరి అంత గట్టిగా కుట్టింది. తిని, చేయి కడుక్కుని, అవ్వ ముందు నిలబడి, ఈసారి చుట్టూ ఉన్నదంతా చేత్తో చూపించి, "ఇదంతా కదండీ?" అన్నారు.

"గదంత" అంది అవ్వ.

"అలాగేనండి."

విత్తనాన్ని వరికని ఉంచుకున్న మడిలో నాటారు. ఆ ఏడాది బియ్యం కొనుక్కుని తిన్నారు. ట్రాక్టర్ తిరగేసిన రెండు సాళ్లను అవ్వ రత్నం సాళ్లు అనేది. ఇప్పటికీ అక్కడ గడ్డి ఒక రంగు తేడాగా మొలుస్తుంది, నమ్మకపోతే పోయి చూడండి. ఇది తరుగు తీయాల్సిన మాట కాదు.

కట్టిన కంప ఎందుకు పీకాలని అట్లాగే ఉంచారు. కంచెకు కంచె. అప్పుడు అవ్వకు కొత్త దిగులు పట్టుకుంది. "గింతెత్తు కంప కడ్తె జింకలు ఎట్లొస్తయి నాయినా?" వాగు దిక్కు విప్పించారు. విప్పిన దిక్కు నుంచి జింకలు వచ్చాయి, వాటితో అడవిపందులూ వచ్చాయి. పందులు పగలు కంచెలో పడుకుని, పొద్దుగూకగానే రత్నంగారి చెరుకులో దిగేవి. ప్రతి ఏడూ చెరుకు కొట్టే ముందు ఆయన మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, ఫిర్యాదు చేసేవారు.

"అమ్మగారూ, మీ కంచె నా చెరుకు తినేస్తోందండి."

"తిననీ నాయినా. ఆకలయితె ఏం జేస్తయి?"

"నాకూ ఆకలేస్తుంది కదండీ."

"గటక తింటవా?"

తినేవారు. మొదట్లో ముఖం చిట్లించి, తరువాత అడిగి పెట్టించుకుని. చెరుకు ఎంత పోయిందో ఆయన ఎన్నడూ చెప్పలేదు, మేం ఎన్నడూ అడగలేదు. ఒకసారి జింకల షికారుకని పట్నం నుంచి జీపు వచ్చింది. కంప దగ్గర రత్నంగారు గొడుగు అడ్డం పట్టుకుని నిలబడి, "కంచె ముట్టుకోవద్దు!" అని అరిచారు. ఏ అర్థంలో అన్నారో అప్పటికి ఆయనకే తెలిసి ఉండదు. రెండింటికీ సరిపోయింది. జీపు వెనక్కి తిరిగింది. జీపులో ఐదు తుపాకులున్నాయని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఒకటి కనిపించింది. రెండోది చేపల గాలం కావచ్చు.

బాపు లారీ కొన్నాడు. అది నడిచిన రోజులకన్నా మా వాకిట్లో నిలబడిన రోజులే ఎక్కువ. ఆఖరికి దాంట్లో కోళ్లు పొదిగేవి. రత్తమ్మగారికి ఇల్లు కూడా వచ్చింది, కంచె కన్నా చాలా ఏళ్లు ఆలస్యంగా. గృహప్రవేశానికి అవ్వ ఇస్తార్లు కుట్టి మోసుకుపోయింది. అవ్వ పోయినప్పుడు దినం నాటికి ఇస్తార్లు కుట్టేవాళ్లు మా ఇంట్లో లేకపోయారు. రత్నంగారు పొద్దున్నే కంచెలో మోదుగాకు కోయించి, రత్తమ్మగారి చేత, కూలీల చేత కుట్టించి, బండి మీద పంపారు. కుట్టు వదులుగా ఉంది. పప్పు కారింది. ఒక చేత్తో అంచు ఎత్తి పట్టుకుని తిన్నాం.

సాయంత్రం కిషోర్ వచ్చాడు. నున్నగా గీసిన గడ్డంతో కూర్చుని చెప్పాను. వంద జింకలు లేవు, పులి లేదు, తుపాకి ఒకటే. ఉన్నదున్నట్టు చెప్పుకుంటూ పోతే నాకే చప్పగా అనిపించింది. వాడు మాత్రం నడుమ ఒక్కసారి కూడా ఫోన్ చూడలేదు. రత్తమ్మగారి మాట దగ్గరికి వచ్చేసరికి నిటారుగా కూర్చున్నాడు.

"మాట విన్నోళ్లది! గది మా నాయనమ్మ బతికినన్నాళ్లు అంటుండె తాతా. ఇంట్ల ఏ పంచాయితీ అయినా గదే. యాడికెల్లి వచ్చిందో మాకు తెల్వదు."

"గీడికెల్లి వచ్చింది."

కోస్తా ముక్కు కింద నుంచి మా ఊరి తెలుగు రావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. వాడికి కంచె అంటే చెట్లే. వాడి తాత కంచెను వాడు ఫెన్సింగ్ అంటాడు. మా అవ్వ మాటే ఆ ఇంట్లో గెలిచింది, ఎవరూ పోటీ పెట్టకుండానే. మా ఇంట్లో నా మనవరాలు మోదుగాకును గూగుల్‌లో చూసి, ఇది ఫలానా పువ్వు చెట్టు కదా తాతా అంటుంది. ఫ్యాక్టరీ కూత ఎప్పుడో ఆగిపోయింది. మడ్డి వాసన లేదు కాబట్టి ఇప్పుడు కంచె వాసన వేరుగా తెలియదు. క్యాంపు దాకా రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల హద్దుల రంగు రాళ్లు పాతి ఉన్నాయి. ఆ నడుమ అది ఒక్కటి అట్లాగే ఉంది. అప్పుడు మా చుట్టూ అట్లాంటివి చాలా ఉండేవి, కాబట్టి మా కంచె గొప్పది కాదు. ఇప్పుడు గొప్పదయింది. అది పెరిగి కాదు.

"కాని తాతా," అన్నాడు కిషోర్, నేల చూస్తూ, "విన్న అవ్వ లేదు గద. మాట విన్నోళ్లదైతే, విన్నోళ్లే లేకపాయె. ఇగ ఎవలదది?"

బాబాయి నేర్పిన ప్రశ్న అయి ఉంటుంది. మంచి ప్రశ్నే. నేను గొప్పలు చెప్పుకోవడానికి బతుకంతా వెతుక్కున్న సందు అది. ఏ గొప్పా అవసరం లేకుండా వచ్చింది.

"నేను విన్న గదరా" అన్నాను.

వాడు నన్ను చూశాడు. తరుగు తీయాలా వద్దా అని చూస్తున్నట్టు చూశాడు. తరువాత ఫోన్ తీసి హైదరాబాద్ పార్టీకి కలిపాడు. నాకు కూడా వినపడాలని పెద్దగా పెట్టాడు. "సార్, మడి, చెలక మాట్లాడుకుందాం. కంచె మాత్రం ముట్టేది లేదు."

అటు నుంచి ఒక మర్యాద గల గొంతు, "అయ్యో, కంచెదేముందండీ, మీది మీరు తీసుకెళ్లిపోండి. మేం ఎలాగూ చుట్టూ కాంపౌండ్ వాల్ కట్టుకుంటాం" అంది.

కిషోర్ నా దిక్కు చూశాడు. నేను కిషోర్ దిక్కు చూశాను. ట్రాక్టర్ మీది నుంచి దూకినంత హుషారుగా కుర్చీలోంచి లేచి, ఫోన్ ఇటివ్వరా అన్నాను. చాలాసేపు చెప్పాను. ఆ గొంతు నొచ్చుకుంది, మళ్లీ ఆలోచించుకోమంది, రేటు సంగతి ఎత్తింది. కిషోర్ ఫోన్ తీసుకుని, వాళ్ల తాత గొంతుతో "అలాగేనండి, కంచె మాత్రం లేదండి" అని పెట్టేశాడు. వాళ్లు మళ్లీ వస్తారు. వాళ్లు కాకపోతే ఇంకొకరు వస్తారు.

పోయేముందు చెప్పులు వేసుకుంటూ కిషోర్ అడిగాడు, "మరి నీ తర్వాత తాతా?" పెద్దవాళ్లను అట్లా అడగకూడదు. అయినా అడిగాడు, నేను ఏమీ అనుకోలేదు. ఆ రాత్రే కాగితాలు ముందేసుకుని ఇది రాయడం మొదలుపెట్టాను. జింకలను మీరు ఎన్నయినా తగ్గించుకోండి. పులిని నేనే తీసేశాను. చలికాలం వచ్చిన పిల్లలు ఇది చదివితే, ట్రాక్టర్‌కు అడ్డం కూర్చున్నది మా అవ్వ అని దిద్దుకోండి. గట్టు మీద ఒకసారి, మోదుగ చెట్టు కింద ఒకసారి, రత్నంగారు "అలాగేనండి" అన్నారు. అంతా అన్నారు, ఇదంతా అని చేత్తో చూపించి అన్నారు.

ఇప్పుడు మీరూ విన్నారు.